‘ది ఇన్నర్ లైట్’ గురించి మా ఊళ్లో తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా వేసవిలో, పంట కాలువలు కట్టేసి బోదెల అడుగున మట్టి నెర్రెలు విచ్చే రోజుల్లో, మా ఊరి గ్రంథాలయం గదిలో గోడకు తెల్ల దుప్పటి కట్టి ఒక టీవీ ధారావాహికలోని ‘ది ఇన్నర్ లైట్’ అనే ఒకే ఒక్క భాగాన్ని చూపిస్తుంటాను. మా ఊరు కోనసీమలో, ముమ్మిడివరం దాటాక, కాలువకు చిట్టచివర ఉంటుంది. నేను ముప్పై ఏళ్లు హైస్కూల్లో సామాన్యశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకున్నాను. చూడటానికి రైతులు వస్తారు, కాలేజీ పిల్లలు వస్తారు, సాయంత్రం పని ముగించుకున్న ఆడవాళ్లు వస్తారు. నేను పక్కన నిలబడి సంభాషణలను తెలుగులో చెబుతాను. అయిపోయాక అడిగే ప్రశ్నలు ఏటా దాదాపు అవే. జవాబులు ఒకచోట రాసిపెట్టమని పిల్లలు అడిగారు, రాశాను. కథ మొత్తం ఇక్కడ బయటపడుతుంది కాబట్టి ఇంకా చూడనివారు ముందు చూసి రండి.

ఇది ఏ ధారావాహిక? ఎప్పటిది?

‘స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జెనరేషన్’ అనే అమెరికా ధారావాహిక, అయిదో సీజన్, ఇరవై అయిదో భాగం. 1992 జూన్ 1న మొదటిసారి ప్రసారమైంది. కథ మోర్గన్ గెండెల్ రాశారు. దాన్ని తెరకు మలచడంలో పీటర్ ఆలన్ ఫీల్డ్స్ ఆయనతో చేయి కలిపారు. దర్శకుడు పీటర్ లారిట్సన్. ఆ మరుసటి ఏడాది, 1993లో, విజ్ఞాన కల్పనా రచనలకు ఇచ్చే హ్యూగో పురస్కారం దీనికి దక్కింది. ఒక టీవీ ధారావాహికలోని భాగానికి ఆ పురస్కారం రావడం 1968 తర్వాత అదే మొదటిసారి.

మిగతా భాగాలు చూడకపోతే అర్థమవుతుందా?

అవుతుంది. అందుకే దీన్ని ఎంచుకున్నాను. ఆకాశంలో ఒక పెద్ద ఓడ ఉందనీ, దానికి పికార్డ్ అనే పెళ్లికాని, పెద్దవయసు కెప్టెన్ ఉన్నాడనీ తెలిస్తే చాలు.

కథ ఒకసారి మళ్లీ చెబుతారా?

ఓడకు దారిలో ఒక పాతకాలపు శోధక యంత్రం ఎదురవుతుంది. అందులోంచి ఒక కిరణం వచ్చి తగలగానే కెప్టెన్ స్పృహతప్పి పడిపోతాడు. కళ్లు తెరిచేసరికి కటాన్ అనే గ్రహం మీద, రెస్సిక్ అనే చిన్న ఊళ్లో, ఒక ఇంట్లో పడుకుని ఉంటాడు. ఎదురుగా ఎలీన్ అనే స్త్రీ. ‘నువ్వు నా భర్త కామిన్‌వి, జ్వరంతో పడి ఉన్నావు’ అంటుంది. ఇనుమును అల్లి వస్తువులు చేయడం అతని వృత్తి అని చెబుతారు. అతను నమ్మడు. ఏళ్ల తరబడి టెలిస్కోపుతో చుక్కలు చూస్తూ తన ఓడ కోసం వెతుకుతాడు. చివరికి ఆ ఊరివాడవుతాడు. మెరిబోర్ అనే కూతురు, బటాయ్ అనే కొడుకు పుడతారు. చిన్న వేణువు ఒకటి పట్టుకుని తప్పులతో మొదలుపెట్టి బాగా వాయించడం నేర్చుకుంటాడు. ఊళ్లో కరువు మాత్రం తగ్గదు. వాళ్ల సూర్యుడు పేలిపోబోతున్నాడు. స్నేహితుడు పోతాడు, భార్య పోతుంది, అతను మనవడిని ఎత్తుకునే ముసలివాడవుతాడు. ఒక రోజు ఊరంతా ఒక ప్రయోగం చూడటానికి బయటకు వస్తుంది. పైకి ఎగిరేది ఆ శోధక యంత్రమే. వెయ్యేళ్ల కిందట నాశనమైన తమ జాతి ఎలా బతికిందో ఒక్కరికైనా చెప్పాలని వాళ్లు పంపినది అది. కెప్టెన్‌కు మెలకువ వస్తుంది. ఓడలో గడిచింది ఇరవై అయిదు నిమిషాలే.

దీని గొప్పతనం ఎక్కడుంది? ఒక్క మాటలో చెప్పండి.

ఒక్క మాటలో చెప్పలేను. ఒక దృశ్యం చెబుతాను.

ఎలీన్ చనిపోయే దృశ్యం. ఇద్దరూ ముసలివాళ్లయ్యారు. సంసారం పొడుగునా ఆమె అతన్ని ఒక విషయానికి మందలిస్తూ వచ్చింది: బూట్లు ఎక్కడపడితే అక్కడ వదిలేస్తాడని. ప్రాణం పోయే ముందు ఆమె ప్రేమ గురించి గానీ, లోకం అంతమైపోతోందని గానీ మాట్లాడదు. బూట్లు తీసి సరైన చోట పెట్టమని గుర్తుచేస్తుంది. పెడతానని అతను మాట ఇస్తాడు. అంతే.

మొదటి ఏడు చూపించినప్పుడు ఈ దృశ్యం అయ్యాక మా పక్కింటి పెద్దమ్మ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అందరూ లేచి వెళ్లాక నాతో అంది: “మాస్టారూ, తొంభై ఆరు తుపాను రాత్రి ఇంటి మీద పెంకులు ఒక్కొక్కటీ లేచిపోతుంటే మా అత్తగారు ఏమన్నారో తెలుసా? ఆవకాయ జాడీకి గుడ్డ గట్టిగా కట్టావా అని అడిగారు. ఇప్పుడు ఆవిడ లేరు. ఆ గాలి చప్పుడు నాకు అంతగా గుర్తులేదు. ఆ మాట మాత్రం చెవిలో ఉంది.” 1996 నవంబరు 6న వచ్చిన తుపాను అది. కోనసీమలో కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి, వందలాది ప్రాణాలు పోయాయి. ఆ రోజు గాలి వేగం ఎంతో పుస్తకాల్లో ఉంటుంది. జాడీ మాట పెద్దమ్మ దగ్గర తప్ప ఎక్కడా లేదు.

ఈ భాగం రాసినవాళ్లకు ఈ తేడా తెలుసు. ఒక జాతి మొత్తం చచ్చిపోతూ తన గురించి ఒక్క కబురు పంపగలిగితే ఏమి పంపుతుంది? రాజుల పేర్లు, యుద్ధాలు, కట్టడాలు పంపవచ్చు. వాళ్లు వీధిలో మొక్క నాటిన రోజును పంపారు, బిడ్డకు పేరు పెట్టిన రోజును పంపారు, బూట్ల గురించి మందలింపును పంపారు. చరిత్రను చెప్పకుండా, దాన్ని బతకమని ఇచ్చారు. నేను చూసిన విజ్ఞాన కల్పనలో ఇంత మంచి ఊహ మరొకటి లేదు.

నటన గురించి అంతగా చెబుతారెందుకు?

నలభై అయిదు నిమిషాల్లో దాదాపు నాలుగు దశాబ్దాల వయసు మీద పడాలి. పికార్డ్‌గా వేసిన పాట్రిక్ స్టూవర్ట్ దాన్ని ముఖానికి వేసిన రంగుతో సరిపెట్టలేదు. కూర్చునే తీరు, లేవడానికి పట్టే సమయం, మాట మొదలుపెట్టే ముందు ఆగే క్షణం, అన్నీ దశ దశకూ మారుతాయి. మొదట్లో అతను కెప్టెన్‌లా నిలబడతాడు, భుజాలు వెనక్కి పెట్టి. మధ్యవయసుకు వచ్చేసరికి ఊరివాడిలా నిలబడతాడు. ఆ మార్పు ఎప్పుడు జరిగిందో పట్టుకోవాలని నేను చాలాసార్లు చూశాను, ఇంకా పట్టుకోలేదు. కొడుకు బటాయ్‌గా వేసింది ఆయన సొంత కొడుకు డేనియల్ స్టూవర్ట్. చదువు మానేసి సంగీతం మీద మనసు పెడతానని కొడుకు చెప్పే దృశ్యంలో తండ్రి ముఖం చూడండి. మా గదిలో ఇంజనీరింగ్ చదివే పిల్లల తల్లిదండ్రులు ఆ ఒక్క నిమిషం ఊపిరి బిగబట్టి చూస్తారు.

ఎలీన్‌గా వేసిన మార్గో రోజ్ గురించి ఎవరూ అడగరు, అడగాలి. భర్త ముఖంతో ఒక పరాయివాడు ఇంట్లో తిరుగుతుంటే అయిదేళ్లు ఓర్చుకున్న మనిషిని ఆమె కళ్లతోనే చూపించింది.

సూర్యుడు అలా పేలిపోతాడా? మన సూర్యుడికీ ఆ ప్రమాదం ఉందా?

లేదు. ఈ భాగంలో అన్నిటికంటే బలహీనమైన చోటు ఇదే. సైన్సు మాస్టారిగా దీన్ని దాటేసి వెళ్లలేను.

కథలో ఆ సూర్యుడు ‘నోవా’ అయిందంటారు. తెలుగులో నవ్యతార అంటాం. ఒంటరి నక్షత్రం నవ్యతార కాదు. దానికి జంట నక్షత్రాలు కావాలి. అందులో ఒకటి ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన శ్వేత కుబ్జ తార. అది పక్కనున్న జోడు నక్షత్రం నుంచి హైడ్రోజన్‌ను లాక్కుంటుంది. పైన పేరుకున్న ఆ వాయువు ఒక హద్దు దాటగానే భగ్గుమంటుంది. దూరం నుంచి చూసేవారికి కొత్త చుక్క పొడిచినట్టు కనిపిస్తుంది. అలాంటి జంట పక్కన వరి పండించే ఊరు ఉండదు.

పోనీ, వాళ్ల ఉద్దేశం సూపర్‌నోవా అనుకుందాం. ఒంటరి నక్షత్రం అలా పేలాలంటే మన సూర్యుడి కంటే ఎనిమిది రెట్లయినా ఎక్కువ బరువు ఉండాలి. అంత బరువైనవి కొన్ని కోట్ల ఏళ్లకు మించి బతకవు. భూమి వయసు సుమారు 454 కోట్ల ఏళ్లు. సూక్ష్మజీవి నుంచి వేణువు వాయించే మనిషి దాకా రావడానికి ఇక్కడ దాదాపు అంత కాలం పట్టింది. బరువైన నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహానికి ఆ తీరిక దొరకదు.

మన సూర్యుడి దారి వేరు. దాదాపు 500 కోట్ల ఏళ్ల తర్వాత ఉబ్బి అరుణ మహాతార అవుతాడు. దానికి చాలా ముందు నుంచే మెల్లగా కాంతి పెరుగుతూ వస్తుంది, వంద కోట్ల ఏళ్లకు సుమారు పది శాతం చొప్పున. సముద్రాలు ఇగిరిపోయే రోజు ఆ లెక్కలో ఉంది కానీ మన మనవళ్లకు కాదు, వాళ్ల మనవళ్లకూ కాదు. చిన్నపిల్లలు భయపడి ఇళ్లకు వెళ్లకూడదని ఈ మాట నేను బొమ్మ అయిపోయిన వెంటనే చెబుతాను.

ముప్పై ఏళ్ల పాటు మెల్లగా కరువు తెచ్చి, ఆ తర్వాత పేలిపోయే సూర్యుడు ఎక్కడా ఉండడు. రచయితలకు కావలసింది తప్పించుకోలేని ముగింపు, అది మనిషి జీవితకాలంలో రావాలి. ఆ అవసరం కోసం ఖగోళశాస్త్రాన్ని వంచారు. కథకు అది సాయపడిందని ఒప్పుకుంటాను. తప్పు తప్పే.

కూతురు మట్టి చూసి ‘ఇది చచ్చిపోయింది’ అంటుంది కదా, మట్టి చచ్చిపోతుందా?

రైతులు అడిగే ప్రశ్న ఇది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. మెరిబోర్ తన పరీక్షల్లో గాలి లేకుండా బతికే సూక్ష్మజీవులు మట్టిలో కనిపించలేదని, అంటే మట్టి చచ్చిపోయిందని తండ్రికి చెబుతుంది.

మన వరిచేలో కాలు పెట్టి లాగితే బుడగలు వస్తాయి, ఒక వాసన వస్తుంది. ఆ సూక్ష్మజీవుల పనే అది. దమ్ము చేసి నీళ్లు నిలగట్టిన మడిలో, గాలి చొరని బురదలో అవి కోట్లకు కోట్లు ఉంటాయి. నీళ్లు తీసేసి చేను ఆరబెడితే నెర్రెల్లోంచి గాలి లోపలికి వెళుతుంది, అప్పుడు అవి తగ్గిపోతాయి. కాబట్టి ఎండిన నేలలో అవి తక్కువగా ఉండటం సహజమే. దాన్ని బట్టి మట్టి చచ్చిపోయిందని తేల్చలేం. వాటిలో చాలా రకాలు గట్టి పెంకు కట్టుకుని విత్తనాల్లా ఏళ్ల తరబడి నిద్రపోతాయి కూడా. సార్వాకు, అంటే వానాకాలపు పంటకు, మొదటి తడి తగిలితే లేస్తాయి. మే నెలలో రాయిలా ఉన్న చేను జూలైలో నారు పట్టుకోవడం మనం ఏటా చూస్తున్నదే.

శాస్త్రం అక్కడ తడబడినా, ఆ దృశ్యాన్ని మాత్రం నేను వదులుకోలేను. తండ్రి తాను కనిపెట్టిన నిజాన్ని కూతురి దగ్గర దాచాలనుకుంటాడు. ఆమె అప్పటికే తన లెక్కల పుస్తకంలో పదేళ్ల కొలతలు రాసుకుని అదే నిజానికి చేరి ఉంటుంది. ఇద్దరూ ఒకే నోటుపుస్తకం మీద వంగి నిలబడతారు. బిడ్డకు సైన్సు నేర్పిన ప్రతి తండ్రికీ అలాంటి రోజు ఒకటి వస్తుంది. అతను ఆమెను ఓదార్చడు. నచ్చినవాడితో పెళ్లి వాయిదా వేయవద్దని, ఇప్పుడున్న కాలమే చేతిలో ఉన్నదని చెబుతాడు.

అప్పుడప్పుడే రాకెట్లు వేయడం నేర్చినవాళ్లు మనసులోకి దూరే యంత్రం ఎలా చేశారు?

దీనికి సమాధానం లేదు. తమ దగ్గర ఉన్నవి చిన్న రాకెట్లేనని, జనాన్ని తరలించడం కుదరదని కటాన్ ప్రభుత్వ అధికారే అంటాడు. అలాంటివాళ్ల యంత్రం వెయ్యేళ్లు చెడకుండా నిలిచి, తనకంటే ఎన్నో తరాలు ముందున్న ఓడ రక్షణను దాటుకుని, ముక్కూమొహం తెలియని జాతి మనిషి మెదడులో పూర్తి జీవితాన్ని నింపింది. డిగ్రీ చదివే పిల్లలు ఏటా దీన్ని పట్టుకుంటారు. పట్టుకోవాలి కూడా.

కరువు ఊరు నిజంగా అలా ఉంటుందా?

ఉండదు. ఖగోళం తప్పు కంటే నన్ను ఎక్కువ బాధపెట్టే లోపం ఇది.

రెస్సిక్‌లో ముప్పై ఏళ్లు నీటికి కటకట. అయినా ఆ ఊళ్లో నీళ్ల కోసం ఇద్దరు మనుషులు తగువుపడగా మనం చూడం. బిందెల వరస లేదు. ఇళ్ల గోడలు శుభ్రంగా, బట్టలు ఉతికినట్టు, మాటలు మెత్తగా. కరువును గాలిలో దుమ్ముగా, లెక్కల పుస్తకంలో అంకెలుగా చూపించారు. మనిషికీ మనిషికీ మధ్య అది ఏమి చేస్తుందో చూపించలేదు.

కాలువలు మొదలయ్యే ధవళేశ్వరం దగ్గర ఉన్నవాళ్లకు ఇది అర్థం కాకపోవచ్చు. శివారు భూములవాళ్లకు తెలుసు. దాళ్వాలో, అంటే రెండో పంటకు, నీరు చాలని ఏడు వంతులవారీ విధానం పెడతారు. మీ వంతు అర్ధరాత్రి వస్తే టార్చిలైటు పట్టుకుని తూము దగ్గర కూర్చోవాలి. మా నాన్న ఒక ఏడాది తడిపిన గోనెసంచిలో మట్టి కూరి మా మడి తూముకు అడ్డం పెట్టాడు. తెల్లవారేసరికి ఆ సంచి గట్టు మీద చీరి ఉంది, నీళ్లు పక్క చేలోకి పోయాయి. పక్క చేను సొంత బాబాయిది. ఇద్దరూ రెండు పంటల కాలం మాట్లాడుకోలేదు. పండక్కి కూడా మా పిన్ని వెనక గుమ్మంలోంచి అరిసెలు అందించి వెళ్లిపోయేది. నాకప్పుడు పదేళ్లు. కరువంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ చీరిన గోనెసంచి.

రెస్సిక్‌లో ఇలాంటిది ఒక్కటి, ఒకే ఒక్కటి ఉండి ఉంటే ఆ జాతి మీద మన ప్రేమ తగ్గేది కాదు, పెరిగేది. తమ మంచితనాన్ని మాత్రమే ఏరి పంపిన జాతిని పూర్తిగా నమ్మబుద్ధి కాదు. ఒక అమ్మాయి ఒకసారి దీనికి ఎదురు చెప్పింది: “చనిపోయేవాళ్లు తమ గురించి చెడ్డ మాటలు రాసుకుంటారా, మాస్టారూ?” ఆ మాటలో బలం ఉంది. యంత్రం పంపినది జ్ఞాపకం, నిజం కాకపోవచ్చు. అలా చూస్తే ఈ లోపం ఆ ఊరి పెద్దలది అవుతుంది, రచయితలది కాదు. నాకు పూర్తిగా మనసొప్పలేదు కానీ ఆ అమ్మాయి మాట మరిచిపోలేదు.

అడగకుండా ఒక మనిషి మీద ఇంత బరువు పెట్టడం న్యాయమా?

న్యాయం కాదు. ఆ యంత్రం అతని అనుమతి తీసుకోలేదు. మధ్యలో ఓడవాళ్లు కిరణాన్ని ఆపబోతే అతని ప్రాణం మీదికి వస్తుంది, మళ్లీ కలపాల్సి వస్తుంది. పెళ్లి, పిల్లలు, భార్య మరణం, అన్నీ అతని మీదికి వచ్చిపడినవే. మేలుకున్నాక ఆ మనుషులు ఎవరూ లేరు. ఏడవడానికి సమాధులు కూడా లేవు. దీన్ని ఎవరైనా సొంత ఇంటివాడికి చేస్తే క్షమిస్తామా?

కథ ఈ ప్రశ్నను అడగదు. అడిగి ఉండాలి. చివర్లో ఒక్క మాట, కోపంతోనో నొప్పితోనో, అతని నోటి నుంచి వచ్చి ఉంటే ఈ భాగం ఇంకా ఎత్తుకు వెళ్లేది.

అయితే మరో వైపు నుంచి కూడా ఆలోచించాను. మనలో ఎవరిని అడిగి ఈ ఊళ్లో పుట్టించారు? ఈ అమ్మకు కొడుకుగా, ఈ కాలువ చివర, ఈ భాషలో? కామిన్ తనకు దొరికిన జీవితాన్ని మొదట తోసేశాడు, తర్వాత ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు మాత్రం ఎవరూ బలవంతపెట్టి తెచ్చినది కాదు. ఏళ్లు గడిచాక ఒక రోజు అతను ఎలీన్ దగ్గరకు వచ్చి, ఇంటికి ఇంకో గది కట్టనా, పిల్లల కోసం, అని అడుగుతాడు. యంత్రం అతన్ని ఆ ఇంట్లో పడేసింది. ఆ గది కడతానన్నది అతనే.

తర్వాత అతనికి ఏమైంది? అంతా మరిచిపోయాడా?

తరువాతి భాగంలో ఏమీ జరగనట్టే విధుల్లో ఉంటాడు. ఆ రోజుల్లో టీవీ ధారావాహికల పద్ధతి అది. ఏ వారం కథ ఆ వారమే ముగియాలి. ఒక జీవితం మొత్తం బతికి, భార్యను పోగొట్టుకుని వచ్చిన మనిషికి కనీసం కొన్ని నెలల దుఃఖం ఉండాలి. నాకు తెలిసి ఈ భాగానికి జరిగిన పెద్ద అన్యాయం ఇదే. దాన్ని చేసింది దాని చుట్టూ ఉన్న ధారావాహిక.

పూర్తిగా వదిలేయలేదు. ఆరో సీజన్‌లో, 1993లో వచ్చిన ‘లెసన్స్’ అనే భాగంలో ఆ వేణువు మళ్లీ కనిపిస్తుంది. సంగీతం తెలిసిన ఒక స్త్రీతో దగ్గరితనం కలిగాక అతను రెస్సిక్ గురించి ఆమెకు చెబుతాడు. ఆసక్తి ఉన్నవాళ్లు అది కూడా చూడండి.

ఓడలోని దృశ్యాలు తీసేస్తే బాగుండేది కదా?

కొన్ని తీసేయవచ్చు. డాక్టరు కంగారు, కిరణం ఎక్కడ నుంచి వచ్చిందో కనుక్కునే ప్రయత్నం మనల్ని ఊళ్లోంచి బయటకు లాగుతాయి. కానీ మొత్తం తీసేస్తే ఇరవై అయిదు నిమిషాలకూ ఒక జీవితకాలానికీ ఉన్న దూరం మనకు తెలియదు. అక్కడ ఇంకా ఇద్దరు నేల మీద మోకరిల్లి అతని నాడి చూస్తూనే ఉంటారు, ఇక్కడ కూతురికి పెళ్లీడు వచ్చేసింది.

మళ్లీ చూసేవాళ్లు ఏమి గమనించాలి?

ఎలీన్ మెడలోని పతకం. దాని ఆకారం ఓడకు ఎదురైన యంత్రం ఆకారమే. కథ ముగింపు మొదటి నిమిషాల్లోనే ఆమె మెడలో వేలాడుతోంది. అలాగే ప్రభుత్వానికి నిజం ముందే తెలుసని, జనం భయపడతారని దాచిపెట్టిందని అధికారి ఒప్పుకునే చోట కామిన్ ముఖం కూడా చూడండి.

ఈ భాగానికి ‘ది ఇన్నర్ లైట్’ అనే పేరు ఎందుకు పెట్టారు?

1968లో బీటిల్స్ బృందానికి జార్జ్ హారిసన్ చేసిన ఒక పాట పేరు అది. చైనా ప్రాచీన గ్రంథం తావో తే చింగ్ లోని ఒక చిన్న అధ్యాయం ఆ పాటకు ఆధారం. గడప దాటకుండానే లోకాన్ని తెలుసుకోవచ్చన్నది దాని సారం. ఓడ నేల మీద కదలకుండా పడి ఉన్న మనిషి కథకు ఇంతకంటే తగిన పేరు దొరకదు.

ఇక్కడి మనుషులకు ఈ కథ అంతగా ఎందుకు పడుతుంది?

నాకు తోచినది చెబుతాను. మన డెల్టా కూడా ఒకప్పుడు రెస్సిక్ లాంటిదే, ముగింపు ఒక్కటే వేరు. 1830లలో ఈ నేల మీద కరువు మనుషుల్ని తినేసింది. గోదావరి పక్కనే పారుతూ సముద్రంలో కలుస్తుంటే గట్టున ఉన్నవాళ్లు ఆకలితో పోయారు. 1847లో కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టాడు, 1852కు పూర్తయింది. కామిన్ కూడా అదే పని చేయబోయాడు. గాలిలోని తేమను నీరుగా మార్చే యంత్రాలు కట్టమని అధికారిని బతిమాలాడు. కాటన్ మాట చివరికి పైవాళ్లు విన్నారు. కామిన్ లోకంలో వినడానికి ఇక కాలం మిగల్లేదు. ఊరూరా ఉన్న కాటన్ విగ్రహాల పక్కనుంచి వచ్చి ఈ గదిలో కూర్చున్న రైతుకు ఆ తేడా ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

పోయిన ఊళ్లూ మనకు ఉన్నాయి. కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టే రేవు. 1839 నవంబరులో ఉప్పెన వచ్చి దాన్ని తుడిచిపెట్టింది. ఇప్పుడు అక్కడ మడ అడవులు, పడవ షికారుకు వచ్చేవాళ్లు ఉన్నారు. ఆ రేవు నుంచి బర్మా వెళ్లినవాళ్ల వల్ల అక్కడ తెలుగువాళ్లందరికీ ‘కోరంగీలు’ అనే పేరు పడింది. ఊరు పోయాక కూడా ఊరి పేరు వేరే దేశంలో మనుషుల ఒంటికి అంటుకుని బతికింది. కానీ ఆ రేవులో ఓడలు కట్టిన వడ్రంగి సాయంత్రం ఇంటికి వచ్చి ఏమి తిన్నాడో, భార్య అతన్ని దేనికి కోప్పడిందో మనకు ఎవరూ పంపలేదు. కోరంగి మీదుగా కాకినాడ వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడల్లా నాకు ఈ ఆలోచన వస్తుంది.

పిల్లలకు చూపించవచ్చా?

పదేళ్లు దాటినవాళ్లకు చూపించవచ్చు. హింస లేదు. మరణం ఉంది, దాన్ని దాచలేదు. పక్కన పెద్దవాళ్లు ఉండాలి.

ఆ వేణువు పాట ఎవరిది? ఆ వేణువు ఇప్పుడు ఎక్కడుంది?

సంగీతం జే చాటవే చేశారు. పాట చాలా చిన్నది, నాలుగు గీతల బొమ్మలాంటిది. కొడుకు బారసాల రోజు తండ్రి దాన్ని వాయిస్తాడు. అదే పాటను చివర్లో, ఓడ గదిలో, ఒంటరిగా వాయిస్తాడు. శోధక యంత్రంలో దొరికిన చిన్న పెట్టెను తోటి అధికారి రైకర్ తెచ్చి ఇస్తాడు. తెరిస్తే లోపల వేణువు. అతను దాన్ని రెండు చేతులతో గుండెకు ఆనించుకుంటాడు. తర్వాత పెదవులకు ఆనించి వాయిస్తాడు. మొదట్లో తప్పులతో వాయించిన వేళ్లు ఇప్పుడు ఒక్కచోట కూడా తడబడవు.

చిత్రీకరణలో వాడిన ఆ వేణువును 2006లో న్యూయార్క్‌లో క్రిస్టీస్ సంస్థ వేలం వేసింది. 48,000 డాలర్లకు పోయింది. మా ఊళ్లో నాదస్వరం వాయించే తాతగారు ఒకరు ఈ పాటను రెండుసార్లు విని, మూడోసారి తన సన్నాయి మీద పలికించారు. కిందటి వేసవిలో బొమ్మ అయిపోయాక దీపాలు వేయకుండా ఆయన్ను వాయించమన్నాం. ఆయన చివరి స్వరం దగ్గర ఊపిరి చాలక ఆగారు, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నారు.